అవుతలైతే గిట్ల కాదు

ఆశన్న ఎక్కడుంటే అక్కడిది తిడతాడు, పక్కదాన్ని పొగుడుతాడు. మహారాష్ట్రలో ఉన్నంతసేపూ తెలంగాణ గొప్ప. తెలంగాణలో కాలు పెట్టాడో లేదో మహారాష్ట్ర గొప్పదైపోతుంది. చంద్రాపూర్ జిల్లా రాజురా తాలూకాలో, సరిహద్దు పక్క ఊళ్లో పుట్టి, అరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న మనిషికి ఈ అలవాటు భలే కుదిరింది. గంటసేపు నడిస్తే అభిప్రాయం మార్చుకోవచ్చు.

రాజురాలో చాయ్ తాగి, "గిదేం చాయ్? అవుతలైతే గిట్ల కాదు, అల్లం దంచి ఏస్తరు" అంటాడు. అదే మనిషి ఆసిఫాబాద్‌లో పెళ్లికి పోయి, విస్తరి ముందు కూర్చుని, "పప్పుల నెయ్యి ఏది? అవుతలైతే గిట్ల కాదు, నెయ్యి పొయ్యనిదే వరణ్ పప్పు వడ్డియ్యరు" అన్నాడు. పెళ్లివారికి రోషమొచ్చి నెయ్యి గిన్నె తెచ్చి బంతి మొత్తానికీ పోశారు. ఆ బంతిలో వాళ్లంతా నవ్వుకుంటూ తిన్నారు. ఆయన తమ్ముడి కూతురు ప్రతిభ మాత్రం తల ఎత్తలేదు.

ప్రతిభకు పెద్దబాపు అంటే ప్రాణమే, కానీ ఆయన నోరంటే ఒళ్లు మంట. అందుకు కారణం ఉంది. వ్యవసాయ డిప్లొమా చదివే రోజుల్లో ఏదో సర్టిఫికెట్ కోసం తాలూకా కేంద్రంలో ఒక ఆఫీసుకు వెళ్తే, అక్కడ పెద్దబాపు ప్రత్యక్షం. జేబులో ఎప్పటిలాగే పెన్ను, పక్కన తమ ఊరి రుక్మిణి. గుమాస్తా ఆమె ముందు మరాఠీ కాగితం పెట్టి వేలిముద్ర వేయమంటున్నాడు. ఆశన్న మరాఠీలో అందుకున్నాడు. "సాహెబ్, తెలంగాణలో అయితే ఇలా కాదు. కాగితం మొత్తం పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే వేలు పట్టుకుంటారు."

"అంత గొప్పదైతే అక్కడికే పో" అన్నాడు గుమాస్తా. అన్నాడే గానీ రోషం ఆగలేదు. మహారాష్ట్ర ఎందులో తక్కువ అంటూ లేచి నిలబడి, ఆఫీసంతా వినేలా ఆ కాగితాన్ని ఆ చివర నుంచి ఈ చివరి దాకా చదివాడు. ప్రతిభ క్లాసు పిల్లలు ఇద్దరు అక్కడే ఉన్నారు. మర్నాటి నుంచి కాలేజీలో ఆమె పేరు "తెలంగాణావాలీ" అయిపోయింది. పుట్టిన గడ్డ మీద చదువుకుంటూ పరాయి దాన్నని పిలిపించుకోవడం ఎంత చేదుగా ఉంటుందో పెద్దబాపుకు ఏం తెలుసని రెండేళ్లు కుమిలింది.

డిప్లొమా చేతికొచ్చి ఏడాదైనా ఉద్యోగం లేదు. అప్పుడు హైదరాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీ నుంచి పిలుపొచ్చింది. రాజురా, కోర్పనా ఊళ్లు తిరిగి రైతులకు సోయా సాగు చెప్పాలి, తెలుగూ మరాఠీ రెండూ రావాలి. దరఖాస్తులో తెలుగు ఎదురుగా మూడు గళ్లున్నాయి: మాట్లాడటం, చదవడం, రాయడం. పొద్దున లేచింది మొదలు తెలుగులోనే తిట్టుకునే, తెలుగులోనే ఏడ్చే పిల్ల మూడింటికీ టిక్కు పెట్టేసింది. బడంతా మరాఠీలో చదివింది కనుక ఒక్క అక్షరం రాదు. వారం రోజులు ఫోన్లో చూసి దిద్దితే 'ఠ' దాకా వచ్చింది.

ఆడపిల్లను ఒంటరిగా పంపడం ఎందుకని ఇంట్లోవాళ్లు తోడు పంపింది ఎవరిని? ఆశన్ననే. "ఆయన నోరు తెరిస్తే నా నౌకరీ పోయినట్టే" అని ప్రతిభ తల్లితో పోట్లాడింది. లాభం లేకపోయింది.

రైలు విరూర్ వదిలి తెలంగాణలో మొదటి స్టేషన్ మాకుడి చేరగానే ఆశన్న గొంతు సవరించుకున్నాడు. "చూసినవా బిడ్డా, ప్లాట్‌ఫారం మీద నీళ్లు లెవ్వు. అవుతలైతే గిట్ల కాదు." ప్రతిభ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ వైపు తిరిగి, పెదాలు కదిలిస్తూ క, ఖ, గ వల్లె వేసుకుంది.

సికింద్రాబాద్‌లో దిగాక ఇక పట్టపగ్గాల్లేవు. మెట్రో చూసి, "గింత ఎత్తున ఎందుకు? నాగ్‌పూర్‌ల గూడ ఉంది, మంచిగ ఉంటది" అన్నాడు. ఆయన నాగ్‌పూర్ మెట్రో ఎక్కలేదు, చూడనూ లేదు. ఆటో అతన్ని, "బల్లార్‌పూర్‌ల ఆటోవాలాలు సామాను దింపి నమస్తే పెడ్తరు" అని కవ్వించాడు. అతను ఇద్దరినీ ఓసారి చూసి, బ్యాగు దించి, నిజంగానే నమస్తే పెట్టాడు. ప్రతిభ దండం పెట్టింది, ఆటో అతనికి కాదు, పెద్దబాపుకు. "లోపల ఒక్క ముచ్చట మాట్లాడకు. నీ కాళ్లు మొక్కుత."

"నేనేం మాట్లాడుత? మీరు మీరు చదువుకున్నోళ్లు" అన్నాడాయన.

ఆఫీసులో కౌంటరు దగ్గరి అమ్మాయి ప్రతిభ మాట విని ముసిముసిగా నవ్వింది. "మహారాష్ట్ర అంటున్నారు, తెలుగు మాట్లాడుతున్నారే. ఎక్కడ నేర్చుకున్నారు?" అమ్మ దగ్గర అని ప్రతిభ చెప్పింది. అక్కడ తెలంగాణావాలీ, ఇక్కడ మరాఠీ పిల్ల. ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా అనుకుంది.

మేనేజరు జయప్రకాశ్ మంచివాడిలాగే ఉన్నాడు. ఆశన్న తలపాగా చూసి, "పెద్దాయన రైతులాగున్నారు, ఆయన్నీ కూర్చోమనండి" అన్నాడు. చదువు గురించి, నేలల గురించి అడిగిన వాటన్నిటికీ ప్రతిభ చకచకా జవాబు చెప్పింది. ఆయన తల ఊపుతూ ఒక రంగుల కాగితం ముందుకు తోశాడు. "రైతులకు పంచే కాగితం ఇది. ఒకసారి పైకి చదవండమ్మా."

కాగితం నిండా తెలుగు. ప్రతిభకు తెలిసిన 'క' ఒకటి మొదటి వరసలో కనిపించింది, తర్వాత నాలుగో వరసలో. మధ్యలో ఉన్నదంతా అడవి. ఏడాది ఎదురుచూపు, అబద్ధపు టిక్కు, ఇంటికెళ్లి చెప్పాల్సిన జవాబు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

"సార్" అన్నాడు ఆశన్న. ప్రతిభ కళ్లు మూసుకుంది.

"గీ కాగితం రైతుకా, పిల్లకా?"

"రైతుకే."

"మరి రైతును నేనున్న గద. మహారాష్ట్రల కంపెనీ సార్లు ఊర్లెకొస్తే నిలబడి ఆల్లే చదివి చెప్తరు. అవుతలైతే గిట్ల కాదు సార్, పిల్లల మీదకు తోసి కుర్సీల కూసోరు. హైదరాబాద్ పెద్దదంటరు గని."

జయప్రకాశ్ ముఖం ఎర్రబడింది. "పెద్దాయనా, నేను ఇరవై ఏళ్లు పల్లెలు తిరిగి ఈ కుర్చీలోకి వచ్చాను" అంటూ కాగితం లాక్కున్నాడు. లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాడు. నూరు గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూడటం దగ్గర నుంచి, విత్తనశుద్ధి, విత్తే లోతు దాకా ఒక్క ముక్క వదల్లేదు. మధ్యలో ఆశన్న "గది మల్లొక్కసారి" అంటే మళ్లీ చదివాడు. ప్రతిభ కళ్లు తెరిచి ప్రతి మాటా పట్టుకుంది.

"ఇప్పుడు మీరు చెప్పండి, కోర్పనా రైతుకు ఇదంతా ఎలా చెబుతారు?" అన్నాడు జయప్రకాశ్ ఆయాసపడుతూ.

ప్రతిభ చెప్పింది. ముందు తమ ఊరి తెలుగులో, తర్వాత మరాఠీలో. కాగితంలో లేనిదీ చెప్పింది. "మాది నల్లరేగడి సార్. వాన పడంగనే విత్తితే గింజ మురుగుతది. మట్టి ముద్ద చేతికి అంటకుంట అయినంక విత్తాలె." జయప్రకాశ్ ఆ మాట రాసుకుని, జూన్‌లో చేరమన్నాడు.

అక్కడితో లేచి వచ్చేస్తే కథ సుఖాంతం. కానీ ఆ టిక్కు ఆమెను లేవనివ్వలేదు. "సార్, నాకు తెలుగు చదువరాదు. ఫారంల అబద్ధం పెట్టిన."

జయప్రకాశ్ ఆమెను చూశాడు, చేతిలో కాగితాన్ని చూశాడు, చివరికి ఆశన్నను చూశాడు. "అంటే మొత్తం నా చేత చదివించింది..."

ఆశన్న తల పైకెత్తి ఫ్యాను చూస్తున్నాడు. "మా దిక్కు ఫ్యాన్లు గింత సప్పుడు చెయ్యవు సార్."

జయప్రకాశ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తేరుకున్నాక ఆ కాగితం ఆమె చేతికిచ్చి, వేలు చూపించి చెప్పాడు. "మూడు నెలల గడువు. అప్పుడు మీరు నిలబడి చదువుతారు, నేను కుర్చీలో కూర్చుని వింటాను."

తిరుగు రైల్లో, కాగజ్‌నగర్ దాటాక ప్రతిభ అడిగింది. "నాకు చదువరాదని నీకెట్ల ఎరుక పెద్దబాపూ?"

"నీ చెవులల్ల వైర్లున్నయి. నోరు క, ఖ అనుకుంటుంటే నాకు కనబడుతనే ఉండె గద."

"ఆ దినం ఆఫీసుల రుక్మిణత్త తోటి..."

"ఆ కాగితంల ఆమె పేరే లేదు బిడ్డా. భూమంత మరిది పేరు మీదికి రాసిండ్రు. గుమాస్తా పైకి చదివినంకనే బయటపడ్డది. లేకపోతే వేలు ముద్దర ఏసి వస్తుండె ఆమె."

ఇన్నేళ్లుగా దాచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో ప్రతిభకు తెలియలేదు. "నువ్వే చదివి చెప్పకపోయినవా?" అంది.

ఆశన్న కిటికీ బయటకు చూశాడు. "నాకొస్తే ఇన్ని ముచ్చట్లెందుకు?"

"మరి జేబుల పెన్ను?"

"పెన్నుంటే చదువుకున్నోడనుకొని కుర్సీ ఏస్తరు."

ప్రతిభ ఆ పెన్ను లాక్కుంది. జయప్రకాశ్ ఇచ్చిన కాగితం వెనక ఒక అక్షరం పెద్దగా రాసి చూపించింది. "ఇది 'ఆ'. నీ పేరుల మొదటి అక్షరం." దాని పక్కనే మరాఠీ 'ఆ' కూడా రాసింది.

ఆయన రెండింటినీ దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "తెలుగుది వంకరగున్నది. మరాఠీది మంచిగ నిలబడ్డది."

ప్రతిభ కాగితం మడిచి పట్టుకుని కూర్చుంది. మాకుడి వెళ్లిపోయింది. రైలు మహారాష్ట్రలోకి వచ్చి విరూర్ దగ్గర నెమ్మదించాక కాగితం విప్పి మళ్లీ ఆయన ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పు."

ఆశన్న కాసేపు చూసి, తెలుగు అక్షరం మీద వేలు పెట్టాడు. "గిదే బిడ్డా. గుండ్రంగ, ఎంత ముద్దుగున్నది."