గంధం పూసిన కేబుల్

ఒకే ఒక్క క్లిక్కుతో లారీడు కందిపప్పును నడిఎండలో నిలబెట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నమస్కారం, నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కోవిల్‌పట్టిలో నేను పనిచేసే కంప్యూటర్ కొట్టువాళ్లు తొలిసారి నన్ను ఒంటరిగా విరుదునగర్‌లోని ఒక పప్పు మిల్లుకు పంపారు. "ఇది చెడితే మళ్లీ కీబోర్డులు తుడిచే పనే నీకు" అని ముందే దీవించారు.

పని చిన్నదే. మిల్లు కంప్యూటర్లన్నీ ఒకే స్విచ్‌కు, అంటే వాటిని కలిపే వయర్ల పెట్టెకు, తగిలించి ఉన్నాయి. వాటిని వీలాన్‌లుగా విడదీయాలి. అంటే ఒకే పెట్టెలో కనబడని గోడలు కట్టి గదులు చేయాలి. గుడిలో వంటశాల, సన్నిధి ఒకే ప్రాకారంలో ఉన్నా ఇటువాళ్లు అటు పోరు కదా, అలాగన్నమాట. లారీలు తూచే కాటా కంప్యూటరూ, దాని చీటీలు అచ్చేసే ప్రింటరూ కొత్త గదిలోకి పోవాలి. మిగతావన్నీ పాత గదిలోనే.

స్విచ్ పేజీలో మార్పు పంపేటప్పుడు "శాశ్వతంగా దాచు" అని ఒక గడి ఉంటుంది. టిక్కు లేకపోతే స్విచ్ ఆపి వేయగానే మార్పు మాసిపోతుంది; అందుకే అంతా సరిచూసుకొని చివర టిక్కు పెట్టాలి. కానీ నేను గుడిలో పాశురాలు పాడే గోష్ఠిలో పెరిగినవాణ్ణి. పాశురం ముగిస్తే గోవిందా అనకుండా నాలుక ఊరుకోదు. అందుకని ప్రతి మార్పుకూ ఒక టిక్కు, ఒక గోవిందా!

బయట లారీ హారన్. లోపల మొదలాళి, అంటే మిల్లు యజమాని, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఏమప్పా, అయిందా? సరుకు సాయంత్రానికి తూత్తుకుడి హార్బర్‌లో ఉండాల. ఓడ నాకోసరం నిలవదు!"

"రెండే నిమిషాలు మొదలాళీ!"

కాటాను కొత్త గదిలోకి మార్చాను. గోవిందా. ఇక ప్రింటర్. అది స్విచ్‌లో ఎనిమిదో పోర్టు, అంటే వయరు దూర్చే బొక్క. నా కంప్యూటర్ తగిలించుకున్నది ఏడు. హారన్ మోతలో ఏడు కొట్టాను. గోవిందా.

తెర బిగుసుకుపోయింది. స్విచ్‌తో మాట్లాడే దారి పాత గదిలో ఉంది, నేను కొత్త గదిలో పడ్డాను. కాటా ఇటు, ప్రింటర్ అటు. చీటీ రాదు. చీటీ లేనిదే లారీ కదలదు.

"ఆపి మళ్లీ వేయప్పా!" అన్నాడు మొదలాళి.

వేశాను. స్విచ్ నా తప్పును, సంథ అప్పజెప్పే శిష్యుడిలా, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. టిక్కు పెట్టి నేర్పింది నేనే కదా!

ఇక మిగిలింది ఈ గదులతో పనిలేకుండా స్విచ్ వెనక నేరుగా తగిలించే నీలం కేబుల్. అదెక్కడ? తొలి పని కదా అని అమ్మ పొద్దున పూజగదిలో పెట్టించింది. నేను సాష్టాంగపడి, టిఫిన్ డబ్బా మాత్రం తీసుకొని వచ్చేశాను. ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ నీలం వయరు..."

"పెరుమాళ్ల ముందరే ఉండాది. దేవునికే ఇచ్చేసినావేమో అనుకొంటి."

"బస్సెక్కి తీసుకురామ్మా, సీక్రం!"

గంటన్నర. బయట లారీ డ్రైవరు ఒక హారన్ కొడితే నేను ఒక నామం. నాకు తెలిసిన నామాలన్నీ అయిపోయి రెండో చుట్టు మొదలయ్యాక అమ్మ వచ్చింది. కేబుల్ కొన నిండా గంధం, ఎండి రాయిలా!

"వయరుకు కూడా బొట్టు పెట్టినారా అక్కా?" అన్నాడు మొదలాళి.

"కొత్త సామాను కదన్నా, పెట్టకుండా ఎట్ల?"

గుండుసూదితో గీకుతూ చెమటలు కక్కుతున్నాను. అమ్మ వంగి స్విచ్‌ను చూసింది.

"ఏరా, నీ వయరు ఏ బొక్కలో ఉండాది?"

"ఏడులో. నీకు అర్థం కాదులేమ్మా."

"ప్రసాదం వరస కదలకపోతే పక్క వరసకు పోతాము కదరా. పక్కన ఇన్ని బొక్కలు ఊరికే ఉండాయే, వాట్లో పెడితే పోదా?"

నవ్వబోయాను. అంతలో స్విచ్ వైపు చూశాను. తొమ్మిదో పోర్టు ఇంకా పాత గదిలోనే ఉంది! వయరు ఏడులోంచి పీకి తొమ్మిదిలో పెట్టాను. పేజీ తెరుచుకుంది. ప్రింటర్‌ను కొత్త గదిలోకి మార్చాను. చీటీ వచ్చింది. లారీ కదిలింది. ఓడ అందింది.

"అక్కా, ఈసారి నుంచి మీరే రండి. తంబి ఇంట్లో గంధం తీస్తాడు" అన్నాడు మొదలాళి.

ఆ సాయంత్రమే పెరుమాళ్ల ముందు చేతులు కట్టుకొని సంకల్పం చెప్పాను: "స్వామీ, చీటీ బయటికి రానిదే గోవిందా అనను. కేబుల్ కొనకు గంధం తగలనివ్వను. అమ్మకు అర్థం కాదని జన్మలో అనను."

వెనక నిలబడి వింటున్న అమ్మ, "ఇదన్నా సరిచూసుకొని చెప్పినావా?" అంది.

సరిచూసుకున్నాను. గోవిందా!