తుంచేసిన ఉల్లిపూలు

నా చిన్నప్పుడు మా చిన్నమ్మ మడిలో ఉల్లిపూలు తుంచేస్తాండారన్న కబురు మొదట నాకు తెచ్చింది పక్కింటి అక్క. అదేదో మంచి కబురన్నట్టే నవ్వుతా చెప్పింది పాపం. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, తన చిన్న కోడలైన మా చిన్నమ్మకు సాయం చేద్దామని పొద్దున్నే మడిలోకి దిగినాడంట.

దువ్వూరు పక్కన మా పల్లెలో ఉల్లి పెట్టేవాళ్లందరికీ ఒక అలవాటు ఉండేది. మొక్క పూతకొస్తే ఆ పూలకాడను వెంటనే తుంచేస్తారు. బలమంతా పూతకు పోతే గడ్డ ఊరదని. పూలు నిలబడి ఉన్న మడిని చూస్తే ఆ ఇంటోళ్లు సోమరులని అనుకునేవాళ్లు. చిన్నమ్మ మడి నిండా తెల్లటి పూలగుత్తులు నిలబడి, వాటి చుట్టూ తేనెటీగలు తిరుగుతుంటే, దారిన పోయేవాళ్లు జేజినాయనను ఆటపట్టించేవాళ్లు. "ఏం మామా, మీ కోడలు ఉల్లి పెట్టిందా, పూలతోట పెట్టిందా?" ఆయన నవ్వేసి, చిన్నపిల్ల, తెలియక వదిలేసింటాదిలే అనుకున్నాడు.

ఆమె తెలిసే వదిలింది. అప్పట్లో మేము ఉల్లి విత్తనం ప్రొద్దుటూరు అంగళ్ల నుంచి తెచ్చుకునేవాళ్లం. ఒక్కోసారి అది పాతదై మొలిచేదే కాదు. బోసిగా ఉన్న నారుమడి ముందు కూర్చుని ఏడ్చిన ఆడవాళ్లను నేను చూసినాను. చిన్నమ్మ చెన్నూరు దగ్గరి తన పుట్టింటి నుంచి మంచి గడ్డలు ఏరి తెచ్చి, ఆ పూలు ఎండితే వచ్చే విత్తనం కోసమే నాటింది. ఆ రోజుల్లో మగవాళ్లంతా పైచేను పనుల్లో ఉండి, ఆమె నారు కాకుండా గడ్డలు నాటింది గమనించలేదు. నన్ను బడికి పంపలేదు. ఇంట్లో అక్షరాలు దిద్దించింది ఆమే. పలక మీద రాయిస్తా ఒకరోజు నాతో అనింది, ఈ చుట్టుపక్కల వాళ్లకు మొలిచే విత్తనం ఇచ్చే మనిషిని కావాలని ఉందని. పండించి చూపించినాకే ఇంట్లో చెబుదామనుకుంది. కొత్త కోడలు నాకిది కావాల అని నోరు తెరిచి అడిగే రోజులు కావవి.

పక్కింటి అక్క తెచ్చిన కబురు నేను చెప్పగానే చిన్నమ్మ పొయ్యి మీది ఎసరు అట్లే వదిలి పరిగెత్తింది. నేనూ వెంటపడినాను. అప్పటికే మడంతా బోడిగా ఉంది. జేజినాయన కాడలను చేతుల నిండా పట్టుకుని, ఇంగ గడ్డలు బాగా ఊరతాయి, ఇవి కూరకూ పనికొస్తాయి అని సంతోషంగా ముందుకు చాపినాడు.

"నాకు కావాల్సింది ఆ పూలే మామా," అనింది చిన్నమ్మ.

ఆయనకు ముందు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పినాక గట్టు మీద కూలబడినాడు.

"ఒక్క మాట చెప్పింటే కాపలా ఉందును కదమ్మా."

"మీరు అడగలేదు, నేను చెప్పలేదు మామా," అని ఆమె కండ్లు తుడుచుకుంది.

మరుసటేడు జేజినాయనే మడి చదును చేయించి, విత్తనం పెట్టమని కోడలిని అడిగినాడు. అయితే ఆమె పుట్టింట్లో ఆ జాతి గడ్డ అప్పటికే అయిపోయింది. వాళ్లు ఉల్లి మానేసి పసుపు పంటలోకి మారినారు. చిన్నమ్మ కూడా పసుపే వేసింది. తర్వాత నేను ఎంత కదిలించినా విత్తనం మాట ఎత్తలేదు. దేవుడు నాకు శానా ఇచ్చినాడు, అక్షరాలైతే ఆమె చేతి మీదుగానే ఇచ్చినాడు. ఆమెకు ఆ ఒక్క పంట ఎందుకు ఇవ్వలేదోనని దీపం పెట్టేటప్పుడు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు మా మనవరాలు వ్యవసాయం చదువుతాంది. చదువైనాక ఏం ఉద్యోగం వస్తుందని చుట్టాలంతా అడుగుతారు. నేను మాత్రం ఏ పంటలో, ఎవరికి, ఏం చేసిపెట్టాలని ఉందో చెప్పమంటాను. చెప్పిన మాటను ఇంట్లో అందరి ముందూ మళ్లీ చెప్పిస్తాను. ఆ పిల్ల విసుక్కున్నా వదలను. ఉల్లిపూలు తుంచేసిన ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఇదే.

చిన్నమ్మ పోయినప్పుడు ఊళ్లో అందరూ ఫలానా వాళ్ల చిన్న కోడలు పోయిందనే చెప్పుకున్నారు. మీరు ఎప్పుడైనా ఆమెను తలుచుకుంటే, ఉల్లి విత్తనం పండించే రైతు అని తలుచుకోండి.