ఎదురుకాళ్ల దేవకమ్మ

దేవకమ్మ నారాయణవనం పక్కన ఒక పల్లెలో ఎదురుకాళ్లతో పుట్టింది. తల ముందు రాలేదు, పాదాలు వచ్చాయి. తల్లీబిడ్డా దక్కరనుకున్న కాన్పులో ఇద్దరూ దక్కేసరికి మంత్రసాని ఆ సంగతి ఊరంతా చెప్పుకుని తిరిగింది. అట్లా పుట్టినవాళ్ల కాలు తగిలితే నడుంపట్టు వదులుతుందని ఆ వైపు నమ్మకం. నడక రాకముందే ఆమె పాదాన్ని ఎత్తి పెద్దవాళ్ల వీపులకు ఆనించారు. కాస్త పెద్దదయ్యాక, తెల్లారితే వాకిట్లో ఎవరో ఒకరు వీపు వంచి కూర్చుని ఉండేవాళ్లు. ఆమె నిద్రమొహంతోనే వచ్చి కాలు తాకించి పోయేది. నొప్పి పోయిందో లేదో ఆమెకు తెలియదు. పోయిందనే అందరూ చెప్పేవాళ్లు. తన కాలిలో మహిమ ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఊరు అనుకుంటోంది, కాదనడం దేనికని ఊరుకుంది.

ఎదురుకాళ్లవాళ్ల గురించి ఇంకో మాట కూడా ఉంది. అంజనం వేసి చూపిస్తే భూమిలో దాగిన ధనం వాళ్ల కంటికే కనిపిస్తుందంటారు. ఆ మాట దేవకమ్మ తల్లికి భయం. బిడ్డ ముందు ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేది. కానీ పుత్తూరు నుంచి తమ్ముడికి పిల్లను చూడటానికి వచ్చిన ఏకాంబరం వంట గురించి అడగలేదు, జాతకం అడగలేదు. "నిజంగానే కాళ్లే ముందు వచ్చినాయా?" అని మాత్రం అడిగాడు. తల్లి అబద్ధం చెప్పలేక తలూపింది. ఏకాంబరం అక్కడికక్కడే తాంబూలాలకు ముహూర్తం పెట్టించాడు.

దేవకమ్మ మొగుడు గోవిందస్వామి నెమ్మదస్తుడు. విరిగిన ఎముకలు కట్టించుకోవడానికి పుత్తూరు వచ్చే జనానికి వెదురు బద్దలు, కోడిగుడ్లు, కట్టుగుడ్డలు అమ్మేవాడు. అన్న గీసిన గీత దాటేవాడు కాదు. ఏకాంబరం సేద్యం చేసేవాడు గానీ, భూమి పైన పండేదానికంటే కింద ఉన్నదాని మీదే ఆయనకు ఆశ. గొడ్లపాకకు గుంజ పాతుతుంటే ఒకసారి పాతకాలపు బంగారు కాసు ఒకటి దొరికింది. దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ వేళ్లతో దాన్ని తడుముకునేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, మాఘమాసంలో, ఆయన తిరుత్తణి వైపు నుంచి కుప్పయ్య అనే అంజనంవాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. విభూతి పట్టెలు, నెరిసిన గడ్డం, మెత్తటి మాట. కుప్పయ్య దేవకమ్మను ఎండలో నిలబెట్టి, చుట్టూ తిరిగి చూశాడు. చేతులు చూపించమన్నాడు. పళ్లు చూపించమన్నాడు.

"ఒంటిమీద యాడన్నా కాలిన మచ్చ ఉండాదామ్మా? కుట్లు ఏమన్నా పడినాయా?"

దేవకమ్మ సిగ్గుపడి తోడికోడలి వైపు చూసింది. ఏకాంబరం భార్య చంద్రకాంతమ్మే బదులు చెప్పింది. "ఏమీ లేవు సామీ. కడిగిన ముత్యం మాదిరి ఉండాది."

కుప్పయ్య చూసిన ఆ చూపు అంతకుముందు ఎక్కడో చూసినట్టు అనిపించింది దేవకమ్మకు. ఎక్కడో మాత్రం గుర్తుకు రాలేదు.

అమావాస్యనాడు అందరూ కలిసి కార్వేటినగరం అవతల ఒక గుట్టకు బయలుదేరారు. ఇరుగుపొరుగుకు కొండకింద వంటలు చేసుకోవడానికి పోతున్నామని చెప్పారు. దేవకమ్మ కూతురు మునెమ్మకు ఆరేళ్లు. బస్సెక్కడమంటే ఆ పిల్లకు తిరునాళ్లు. చంద్రకాంతమ్మ పులిహోర, వడలు కట్టించింది. దేవకమ్మను మాత్రం ఏమీ తిననివ్వలేదు. అంజనం చూసేవాళ్లు ఒక్కపొద్దు ఉండాలట. తెల్లవారకముందే తలంటి, పసుపు చీర కట్టించి, జడనిండా పూలు పెట్టింది. పెళ్లినాడు కూడా ఆమె అంత ఓపికగా జడ వేయలేదు.

"గుట్టకు పోయేదానికి ఇన్ని పూలెందుకక్కా?"

"ఉండనీ మే," అంది చంద్రకాంతమ్మ. అద్దంలో కూడా ఆమె కళ్లు కలపలేదు.

నిధి దగ్గర మేకపోతును బలి ఇవ్వాలనీ, దాన్ని గుట్టకింద గొల్లవాళ్ల దగ్గర కొందామనీ ఏకాంబరం ముందే చెప్పి ఉన్నాడు. బస్సు దిగి చేల వెంబడి నడుస్తుంటే ఒక మంద ఎదురైంది. ఏకాంబరం దాని వైపు తలైనా తిప్పలేదు. మంద దాటిపోయింది. కాపరి ఆగి, పసుపు చీర కట్టుకున్న మనిషిని ఎగాదిగా చూసి, తన దారిన పోయాడు.

"బావా, మేకపోతు?" అని దేవకమ్మ అడిగింది.

ఏకాంబరం నడక వేగం పెంచాడు. కుప్పయ్య వెనక్కి తిరిగి నవ్వాడు. "అదంతా చూసుకున్నాంలేమ్మా. నువ్వు నడువు."

గుట్ట సగం ఎక్కాక కూలిపోయిన బురుజు రాళ్లు వచ్చాయి. వాటి మధ్య పాము బొమ్మ చెక్కిన పెద్ద బండ ఉంది. చుట్టూ కలివి ముళ్లపొదలు. పొద్దు నడినెత్తికి వస్తోంది. కాకి అరుపు కూడా లేదు. ఏకాంబరం తమ్ముణ్ణి పిలిచి, ఎవరైనా వస్తే కేక వేయమని కింద కాలిబాట దగ్గరికి పంపాడు. గోవిందస్వామి భార్య వైపు ఒకసారి చూసి, దిగిపోయాడు.

"నేను బిడ్డను నీళ్లకాడికి తీసుకపోతాను. ఆ పక్కన ఊట ఉండాదంట," అంది చంద్రకాంతమ్మ.

"నేనూ వస్తానక్కా, దప్పిక అవుతా ఉండాది."

"నువ్వు రావద్దు." అని మునెమ్మ చెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి, దేవకమ్మ బుగ్గలు నిమిరి, మెటికలు విరిచి, మళ్లీ వెనక్కి చూడకుండా బిడ్డను దాదాపు ఈడ్చుకుంటూ పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది దేవకమ్మకు. కుప్పయ్య చూసిన ఆ చూపు నాయనది. గంగమ్మకు మొక్కుకున్న మేకను కొనేటప్పుడు నాయన దాని చుట్టూ తిరిగి, పళ్లు చూసి, ఒంటిమీద గాయం ఉందేమోనని తడిమేవాడు. గాయం ఉన్నదాన్ని అమ్మవారు ఒప్పుకోదు.

కాళ్లు పరుగెత్తమంటున్నాయి. కానీ పైన రాళ్లు, కింద దారికి అడ్డంగా గడ్డపార పట్టుకుని బావ. మొగుణ్ణి పిలిస్తే? పిలుపు అందేలోపు ఏం జరుగుతుందో! అసలు ఆయనకు తెలుసో తెలియదో!

కుప్పయ్య బండ మీద ముగ్గు వేసి, కంచు పళ్లెంలో కాటుక, ఆముదం కలిపి పూసి, ఆమె ముందు పెట్టాడు. తాను ఆమె వెనక కూర్చున్నాడు. బట్టసంచి పక్కన పెట్టుకున్నాడు.

"రెప్ప వాల్చకుండా చూడమ్మా. పళ్లెంలో ముందు సామికి చోటు ఊడ్చేవాడు వస్తాడు. వచ్చినాడా?"

దేవకమ్మ చూసింది. నల్లటి నిగనిగలో ఆకాశం ముక్క, తన కన్ను. ఇంకేమీ లేదు.

"వచ్చినాడు," అంది.

"నీళ్లు చల్లేవాడు?"

"చల్లినాడు."

"పీట వేసినారా? ఆంజనేయసామి కూసున్నాడా?"

"కూసున్నాడు."

వెనక ఏకాంబరం ఊపిరి గట్టిగా వినిపించింది. "ధనం యాడుండాదో అడుగు! అడుగు అమ్మాయ్!"

"తొందరపడొద్దు," అన్నాడు కుప్పయ్య. "కాపలా దయ్యం ఉంటుంది. దానికేం కావాలో ముందు అడగాల."

పళ్లెంలో ఏదో కదిలింది. ఈసారి నిజంగానే. ఆమె భుజం వెనక కుప్పయ్య చెయ్యి మెల్లగా సంచిలోకి పోవడం ఆ నిగనిగలో కనిపించింది.

ఏం చెప్పాలో ఆమె ఆలోచించుకోలేదు. ఇక్కడ చూడగలిగేది తనొక్కతే అన్న సంగతి మాత్రం తట్టింది. తను ఏది చెబితే అదే అంజనం.

"సామి మాట్లాడతా ఉండాడు బావా," అంది. "కాపలావాడు ఆడమనిషిని ముట్టడంట. అంజనం తెచ్చినవాణ్ణే అడగతా ఉండాడు."

చెయ్యి సంచిలోనే ఆగిపోయింది.

"ఏమంటా ఉండావు?" అన్నాడు కుప్పయ్య.

"నేను గాదు, సామి అంటా ఉండేది. గడ్డం, విభూతి పట్టెలు... గుర్తులు చెప్తా ఉండాడు బావా. బండకింద ఏడు బిందెలు ఉండాయంట. ఈయన రగతం పడితే బండ దానంతటదే జరుగుతుందంట."

"అబద్ధం! ఏకాంబరం, ఇది అబద్ధం!" కుప్పయ్య లేచి నిలబడ్డాడు.

దేవకమ్మ తల తిప్పి బావ మొహం చూసింది. ఆయన కోపంగా లేడు, భయపడనూ లేదు. కుప్పయ్యను పైనుంచి కిందికి, తీరిగ్గా చూస్తున్నాడు. గడ్డపార ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ మొహం చూశాక, తనకు ఏం జరగబోయిందో ఆమెకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎదురుకాళ్లవాళ్లు చెప్పేది అబద్ధం గాదంటివే సామీ," అన్నాడు ఏకాంబరం నెమ్మదిగా. "నువ్వే గదా చెప్పినావు."

కుప్పయ్య సంచి అక్కడే వదిలి, పొదల్లోకి దూకి, ముళ్లు పంచె చీలుస్తున్నా ఆగకుండా పల్లంలోకి పడుతూ లేస్తూ పరుగెత్తాడు. ఏకాంబరం కొంతదూరం వెంటపడ్డాడు. రాళ్లు దొర్లిన చప్పుడుకు గోవిందస్వామి పైకి వచ్చాడు. దేవకమ్మ సంచి వైపు చూపించింది. అందులో వేపాకు దండ, కుంకుమ పొట్లం, మడిచిన ఎర్రగుడ్డ, పదును పెట్టిన కొత్త కొడవలి ఉన్నాయి. గోవిందస్వామి వాటిని చూశాడు, భార్య జడలోని పూలు చూశాడు, బండ మీద చతికిలబడ్డాడు. ఆయనకు తెలియదని అప్పుడు నమ్మింది దేవకమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తిరుగుబస్సులో మునెమ్మ వడ తింటూ ఊటలో చేపపిల్లల గురించి చెబుతూనే ఉంది. ఏకాంబరం వెనక సీటులో కూర్చున్నాడు. ఆ సంచి ఆయన ఒడిలో ఉంది.

నెల తిరక్కుండానే గోవిందస్వామి జీవితంలో మొదటిసారి అన్నకు ఎదురుచెప్పి, వేరు కాపురం పెట్టాడు. బజారులో అంగడి వెనకే రెండు గదులు. దేవకమ్మ అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. బద్దలు కొలిచి కోయడం, విరిగిన చేతులతో ఏడ్చే పిల్లలను సముదాయించడం ఆమెకు బాగానే అలవాటైంది. ఇక ఆ సంగతి అయిపోయిందనుకుంది.

కొన్నేళ్లకు, ఒక వానాకాలం మొదట్లో చంద్రకాంతమ్మ అంగడికి వచ్చింది. మనిషి సగమైంది. "నన్ను తిట్టు, కొట్టు, పడతాను మే," అని మొదలుపెట్టింది. "మీ బావ ఏడాదికేడాది ఆడికృత్తిక తిరునాళ్లకు తిరుత్తణి పోతాండాడు. కావడి మొక్కని అందరికీ చెప్తాడు. మొక్కూ లేదు, పాడూ లేదు. ఆ కుప్పయ్య కోసరం ఎతకతాండాడు. ఆ సంచి కూడా తీసుకపోతాడు."

దేవకమ్మకు ఆ రోజంతా అన్నం దిగలేదు. కుప్పయ్య మంచివాడని కాదు. కానీ వాడి మెడ మీద ఆ కొడవలిని పెట్టింది తన మాటే. అబద్ధమని చెబితే బావ చూపు మళ్లీ తనమీదికి తిరుగుతుందేమోనని కొన్నాళ్లు నోరు మెదపలేదు. చివరికి మొగుణ్ణి వెంటబెట్టుకుని పాత ఇంటికి పోయింది. ఏకాంబరం పాకలో తాడు పేనుతున్నాడు.

"బావా, ఆ పొద్దు నాకేమీ కనపడలేదు. ఆ కుప్పయ్య చెయ్యి సంచిలోకి పోయేది కనపడినాది. భయపడి చెప్పినాను. బిందెలూ లేవు, సామీ లేడు."

ఏకాంబరం ఆమెను దయగా చూశాడు. అంత దయగా ఎన్నడూ చూడలేదు.

"అట్ల చెప్పమని ఆంజనేయసామే చెప్పింటాడులే," అన్నాడు. "పరీక్ష పెడతాడు గదా. నీ తప్పు లేదమ్మా, నువ్వు పో."

"అన్నా, నిజం చెప్తా ఉండాది!" అని గోవిందస్వామి అరిచాడు. ఏకాంబరం మళ్లీ తాడు అందుకున్నాడు.

ఆ ఏడూ ఆడికృత్తికకు ఆయన తిరుత్తణి రైలెక్కాడు. రెండు రోజుల్లో వచ్చేవాడు వారానికి వచ్చాడు. గుండు చేయించుకుని, గంధం పూసుకుని వచ్చాడు. నేరుగా బావి దగ్గరికి పోయి చాలాసేపు నీళ్లు పోసుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ ఆ వైపు పోలేదు.

ఆయన తిరిగొచ్చిన మర్నాడు చంద్రకాంతమ్మ ఆ సంగతి చెప్పడానికి వచ్చేసరికి దేవకమ్మ కోడిగుడ్లు బుట్టలో సర్దుతోంది.

"కనపడినాడా అని అడిగినాను," అంది చంద్రకాంతమ్మ. "ఆకలిగా ఉండాది, అన్నం పెట్టు అన్నాడు."

"సంచి?"

"తేలేదు."

అంగట్లోకి ఎవరో చెయ్యి విరిగిన బిడ్డను ఎత్తుకుని వచ్చారు. దేవకమ్మ లేచి బద్దలు తీసింది. వాళ్లకు బదులు చెబుతూనే ఉంది గానీ, ఆ సంచిలోని కొడవలే కళ్లముందు ఉండి, ఎంత పొడవు కావాలన్నారో మళ్లీ మళ్లీ అడగవలసి వచ్చింది.