కుడి భుజాన పైట

ఉద్యోగంలో చేరిన రెండో వేసవిలో నన్ను మాచర్ల వైపు పంపారు. ఒక పాత క్రైస్తవ మిషన్ బంగళాలో దొరికిన గాజు నెగెటివ్‌లను డిజిటైజ్ చేసే కాంట్రాక్టు మా సంస్థది. టెక్నీషియన్ని నేనే. దొరలు తీసినవన్నీ దాదాపు కొండలు, లోయలే, మనుషులు అరుదు.

గాజు పలకకు ఒకవైపు నునుపు, మరోవైపు మసక. బొమ్మ మసక వైపు ఉంటుంది. ఆ వైపు కెమెరా కేసి పెడితే వివరం బాగా వస్తుంది గాని, అద్దంలోలా కుడి ఎడమలు తారుమారవుతాయి. తర్వాత కంప్యూటర్‌లో తిప్పాలి.

బంగళా అరుగు మీంచి తీసిన లోయ ఫోటో ఒకటి తగాదాలోకి వచ్చింది. పల్లెవాళ్ళు సమాధుల దొడ్డికి వెళ్ళే డొంకదారికి కోటయ్య అనే రైతు కంచె వేశాడు. అక్కడ డొంకే లేదని ఆయన వాదన. ఫోటోలో డొంక ఉంది. సరిచూశానని సంతకం పెట్టి పల్లెవాళ్ళకు ప్రింటు ఇచ్చాను. విచారణకు మండల సర్వేయరు అదే అరుగు మీదికి వచ్చారు.

వాగుకు రెండువైపులా కొండలు ఒకే ఎత్తు, ఒకే వాలు. ప్రింటులో డొంక వాగుకు ఎడమన ఉంది. నేల మీద చూస్తే ఆ పక్క ఉన్నవి బండలు, కోటయ్య కంచె కుడిపక్కన.

"ఆ బండలెక్కి నడవమనండి, నేనేమన్నా అడ్డమా?" అన్నాడు కోటయ్య.

"నేను పోతే శవాన్ని ఎగరేసుకుపోతారా ఏంది కోటయ్యా?" అంది మరియమ్మ. పల్లెలో అందరికంటే పెద్దామె.

ఫోటో స్థలంతో సరిపోలలేదని రాయడానికి సర్వేయరు పెన్ను తీశారు. మరియమ్మ ప్రింటు లాక్కుని, అందులో కడవతో నిలబడ్డ ఆడమనిషిని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఈమెకి పైట కుడి భుజాన ఉందేంది? మా అమ్మ గాని నేను గాని ఎప్పుడన్నా అట్టా వేశామా?"

కంప్యూటర్‌లో బొమ్మను తిప్పడం మర్చిపోయానని అప్పుడు అర్థమైంది. తప్పు నాదని సర్వేయరుకు చెప్పాను.

"ఇష్టమొచ్చినట్టు తిప్పుతారా?" అని కోటయ్య లేచాడు.

అసలు పలక పెట్టెలోనే ఉంది. నునుపు వైపు సర్వేయరుకు కనబడేలా ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాను. నెగెటివ్‌లో డొంక నల్ల గీతలా ఉంటుంది. ఆ గీత వాగుకు కుడిపక్కగా వెళ్ళి, కోటయ్య కంచె ఉన్నచోటే సాగింది. సర్వేయరు చూసి, అలాగే రాసుకున్నారు. పది రోజులకు కంచె తీశారు.

అంతకుముందు ఇచ్చిన ప్రింట్లన్నీ మళ్ళీ చూస్తే మరో మూడు తారుమారుగా దొరికాయి. మూడింటికీ సవరణ నా సంతకంతోనే పంపాను. ఆ ఉద్యోగం వదిలేవరకూ నా తనిఖీ జాబితాలో మొదటి అంశం ఇదే: ఫోటోలో మనిషి ఉంటే ముందు బట్ట చూడాలి, మనిషి లేకపోతే, సంతకానికి ముందు ఆ ఊరి మనిషికి చూపించాలి.