రంగూన్ గంధం

నేను టీచరుగా చేరిన రెండో ఏడు, నౌపడ స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. పక్కన పదేళ్ల కూతురితో ఒకావిడ ఉంది. బర్మాలో అన్నీ వదులుకుని వచ్చేసిన కుటుంబమట. పిల్ల నీళ్లు తాగడానికి వెళుతూ, నా ముందు నడుము బాగా వంచి దాటింది. దాని రెండు చెంపల మీదా చెట్టు బెరడు అరగదీసి పూసిన లేత పసుపు గంధం ఉంది.

"ఎంత మర్యాదో!" అన్నాను.

"రంగూన్‌లో పెద్దోల ముందు అలాగే ఎల్తారమ్మా. నానే నేర్పినాను. ఇక్కడ ఇస్కూల్లో గూనిదానా అని నవ్వుతన్నారు. అక్కడేమో ఇండియావోలు పొమ్మన్నారు, ఇక్కడ బర్మావోలంతన్నారు. మొన్న టీచరమ్మ ఈ గంధం కడుక్కుని రమ్మని బయటికి పంపీసిందట. ఇంటికాడ నువ్వు సెప్పింది ఇనాలా, బడికాడ ఆలు సెప్పింది ఇనాలా అని నన్నడుగుతాది. ఏటి సెప్పమంతారు?"

ఆ టీచరమ్మ నేను కాదు. కానీ మా క్లాసులోనూ అలాంటి పిల్ల ఉంది. గంధం కడుక్కోమని దాన్ని నేనూ నూతి దగ్గరికి పంపాను.

"మీరేటి సేస్తారమ్మా?" అని అడిగిందావిడ.

"పోస్టాఫీసులో పని" అన్నాను.

సోమవారం మా క్లాసు పిల్లను పిలిచి, గంధం పూసుకుని రావచ్చని చెప్పాను.

"వద్దు టీచర్. మాయమ్మ పూస్తానంతే నానే దెబ్బలాడి మానిపించీసినాను" అంది గర్వంగా.

మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.