బానెట్ మీద డప్పు

తొంభైల చివర్లో ఒక వానాకాలం, ఒంగోలు బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. చిలకలూరిపేటలో ఎక్కిన నడివయసు ఆవిడ, తుంపరకు తడిసిన డప్పును ఇంజను బానెట్ మీద ఆనించింది. కండక్టరు దాన్ని టాపు మీద వేయమన్నాడు.

"వేడి తగిల్తేనే తోలు బిగుసుకుద్ది. కావాలంటే టాపు నేనెక్కుతా, ఇది ఎక్కదు," అంది.

మా ఊళ్ళో డప్పు వినబడితే శవయాత్రే. "ఎవరు పోయారమ్మా?" అని అడిగాను.

"మా నాన్న చావులకే కొట్టాడు. కబురొస్తే అన్నం ముందు నుంచి లేచి పోయేవాడు. నేను ఒంగోల్లో ఆడపిల్లలకి నేర్పటానికి పోతన్నా. చావులకి పిలిస్తే రానని ఊళ్ళో చెప్పేశా."

"ఊరుకున్నారా?"

"ఎందుకూరుకుంటారు?" పుల్ల తీసి ఒక్క దెబ్బ వేసింది. డప్పు ఖంగున మోగింది. బస్సంతా ఇటు తిరిగింది.

"నేనూ ఊరుకోలా," అంది.