వెనుక సీట్లో కూర్చుని బండిని చూసిన మా యారాలు

పొద్దున్నే ఫోన్ మోగితే నాకు గుండె దడ. ఎవరికేమైందో అనుకుంటూ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఎత్తాలా వద్దా అని నిలబడిపోతాను. ఒక్క ఫోన్‌కు మాత్రం నేనెప్పుడూ భయపడలేదు. చాయ్ వేళకు మా యారాలు చేసే ఫోన్ అది. యారాలంటే మా ఆయన అన్నగారి భార్య, నాకు అక్క. "చెల్లే, ఇయ్యాల ఏం ఫికరు?" అని అడిగేది. ఫికరంటే దిగులు. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. పోయిన నెల ఒక పొద్దున అదే వేళకు, ఆమె ఫోన్ నుంచే వచ్చింది. నవ్వుకుంటూ ఎత్తి, "అక్కా, ఇయ్యాల నీళ్ల ట్యాంకు ఫికరు" అన్నాను. అవతల ఏడుస్తున్నది ఆమె కోడలు. "చిన్నత్తమ్మా, అత్తమ్మ లేస్తలేదు" అంది.

నిద్రలోనే పోయింది. జహీరాబాద్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతల, తన మంచం మీదే. వయసులో నాకంటే పెద్దదే. అయినా ముందు పోయేది నేనేనని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. లోకంలో ఉన్న ఫికర్లన్నీ పడ్డాను గానీ, ఈ ఒక్కటీ పడలేదు.

నాకు పెద్ద చదువు లేదు. ఆమె గురించి రాయాలని కూర్చుంటే ముందు గుర్తొచ్చేది మా ఇంటి ముందు నిలబడి ఉన్న పాత వ్యాను. కంపెనీ వాళ్లు ఆ రకం బండ్లు చేయడం మానేసి ఏళ్లయింది. దాన్ని ఆమె ఎలా పరీక్షించి ఇంటికి తెచ్చిందో చెబితే, ఆమె ఎలాంటి మనిషో చెప్పినట్టే.

అంతకు ముందు సంగతి ఒకటి చెప్పాలి. మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. దవాఖాన నుంచి వచ్చాక కట్టె పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలిగేవాడు. బయటికి పోవాలంటేనే కష్టం. జీపు ఎత్తు, కాలు అందదు. చిన్న కారులో కాలు మడత పడదు. ఆటోలోకి ఇద్దరు మగవాళ్లు చంకల కింద చేతులు పెట్టి ఎక్కించేవారు. ఒకసారి బస్టాండు దగ్గర నలుగురూ చూస్తుండగా అలా ఎక్కిస్తే, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఇగ నన్ను మూట లెక్క ఎక్కియ్యొద్దు. నేనేడికీ రాను" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. రాయికోడ్‌లో ఉన్న సొంత చెల్లెలి ఇంట్లో పెళ్లయినా పోలేదు. వారంవారం పోవాల్సిన వ్యాయామాల డాక్టరు దగ్గరికీ పోలేదు. మనిషి కళ్ల ముందే చిన్నగా అయిపోతున్నాడు.

అప్పుడు మా కొడుకు ఈ వ్యాను మాట తెచ్చాడు. చిరాగ్‌పల్లిలో ఒకరు అమ్ముతున్నారట. నేల తక్కువ ఎత్తులో ఉంటుందట, పక్క తలుపు వెనక్కి జరుగుతుందట. కొత్త బండి మా తాహతుకు మించిన మాట. నేను ఆ రోజంతా అన్నం తినలేదు. కంపెనీయే వద్దనుకున్న బండి మనకెందుకు? సామాను దొరక్కపోతే? రోడ్డు మధ్యలో ఆగిపోతే ఈయన్ని పట్టుకుని నేనెక్కడ నిలబడాలి? తలుపు ఇరుక్కుంటే ఈయన లోపలే ఉండిపోతే?

కొడుకు విసుక్కున్నాడు. "అమ్మా, నువ్వు సైకిల్ కొన్నా గిట్లనే అంటవు."

మా యారాలు వాడి నోరు మూయించింది. "ఊకో. ఇంట్ల ఫికర్ చేసేటోళ్లు ఒకరుండాలె, పోయి చూసేటోళ్లు ఒకరుండాలె. చెల్లే, నీ ఫికర్లన్నీ చెప్పు. ఒక్కటి ఇడిషిపెట్టకు. ఒక్కోదాన్ని పోయి చూసొద్దాం."

చూడండి, అదీ ఆమె పద్ధతి. భయపడకు అని ఆమె నాతో ఒక్కనాడూ అనలేదు. అందరూ అనే మాటే అది, దానివల్ల ఎవరి భయమూ పోదు. నా భయాన్ని చేతిలో పట్టుకుని, అది ఎక్కడ తేలుతుందో అక్కడికి నన్ను నడిపించేది. "భయపడితే పడు గాని, కండ్లు మూసుకొని పడకు" అనేది.

మొదట బండి దగ్గరికి పోలేదు మేము. సామాన్ల దుకాణానికి పోయాం. కొడుక్కి నవ్వొచ్చింది, దుకాణం అతనికీ వచ్చింది. ఇద్దరు ముసలమ్మలు వచ్చి, లేని బండికి బ్రేకు సామాను అడుగుతుంటే నవ్వరా!

"ఇంజన్‌ది ఫికర్ లేదమ్మా" అన్నాడతను. "గిదే ఇంజన్ వేరే బండ్లల్ల ఇంకా నడుస్తుంది. అద్దాలు, లైట్లు, డోర్లు, గవి మాత్రం జర తిప్పలే. హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె, ఎప్పుడొస్తయో చెప్పలేను."

మా యారాలు స్టూలు మీద కూర్చుని అడిగింది. "లైటు పలిగితే ఇంటికి రాగలుగుతమా?"

"పగటి పూట వస్తరు."

"డోరు సొట్టపోతే?"

"ఎందుకు రారు!"

"బ్రేకు పోతే?"

"రారమ్మా."

"బ్రేకుది నీ దగ్గర ఉందా?"

"ఉంది."

"తియ్యి, కండ్లతోని చూస్త."

అతను నవ్వుతూనే పై అర నుంచి పెట్టె దింపి చూపించాడు. బయటికి వచ్చాక నాతో అంది: "ఇంటికి చేరనిచ్చే ఫికర్లు కొన్ని, చేరనియ్యని ఫికర్లు కొన్ని. చేరనియ్యనియి మనమే పడదాం. తతిమ్మయి బండికే ఇడిషిపెడదాం." నా భయాల్లో సగం ఆ దుకాణం మెట్ల మీదే వదిలేసి వచ్చాను.

చిరాగ్‌పల్లికి పోయాం. మా మెకానిక్కును తీసుకుపోయిన కొడుకు, అమ్మేవాడితో కలిసి బానెట్ ఎత్తుకుని నిలబడ్డాడు. ఆమె వాళ్లవైపు చూడనైనా లేదు. నేరుగా పోయి ఇంటావిడ పక్కన అరుగు మీద కూర్చుంది.

"బిడ్డా, బండిల నువ్వేడ కూసుంటవు?"

"వెనుకనే, పెద్దమ్మా. అత్తమ్మ మామ నడుమ సీట్లనుండిరి."

"వెనుక ఎట్లుంటది?"

"ఎండాకాలం ఏసీ గాలి వెనుకకు రాదు. అద్దం తెరుసుకోదు. మా చిన్నోడు రెండుసార్లు కక్కిండు."

బానెట్ దగ్గర నుంచి ఆమె మొగుడు అరిచాడు. "ఏం చెప్తున్నవే ఆడ?"

"ఉన్నదే చెప్తున్న. నువ్వెప్పుడన్న వెనుక కూసున్నవా?"

మా యారాలు పగలబడి నవ్వింది. పక్క తలుపు జరిగే గాడిలో మట్టి చేరితే జరగడానికి మొరాయిస్తుందనీ, వారానికోసారి గుడ్డతో తుడిస్తే చాలనీ, వానకు నీళ్లు కారవనీ, పిల్లలు ఎదిగి మామగారు పోయాక ఇంత బండి అక్కరలేక అమ్ముతున్నారనీ, అన్నీ ఆ అరుగు మీదే తెలిశాయి. వానకు కారదన్న మాట కూడా ఊరికే నమ్మలేదామె. కింద పరిచిన పట్టా లేపి, బియ్యం బస్తా వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ముక్కిన వాసన లేదు.

తర్వాత అందరికంటే వెనుక సీట్లో తనే కూర్చుని, "నడుపు, గతుకుల తొవ్వల నడుపు" అంది. న్యాల్‌కల్ వైపు దారిలో పోయి తిరిగొచ్చేసరికి నడుము పట్టుకుని దిగింది. "ముందట కూసున్నోడికి ప్రతి బండి మంచిదే. వెనుక దిండు లేంది కూసోరాదు. నడుమ సీటు మాత్రం పక్కా ఉంది." మెకానిక్కు కూడా ఇంజను బాగుందన్నాడు. క్లచ్ త్వరలో మార్చాలన్నాడు.

అయినా ఆమె సరే అనలేదు. ఆమెకు ఒక పట్టు ఉండేది. మంచమైనా కుర్చీయైనా, "కూసునుడు అందరికి వస్తది, లేసుడు చూడాలె" అనేది. వెనుకట మా అత్తగారి కోసం సోఫా కొనబోయి, దుకాణంలో ఆమెను కూర్చోబెట్టి లేపి, లేపి కూర్చోబెట్టి, చివరికి కొనకుండానే తీసుకొచ్చిన మనిషి. అందుకని బండిని మా ఇంటికి తెమ్మంది.

మరునాడు అమ్మేవాడు తెచ్చాడు. మా ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నాకు మనసొప్పలేదు. పూజ చేయని బండిలో ఈ మనిషిని ఎలా ఎక్కించాలి? గబగబా పసుపు, కుంకుమ తెచ్చి ముందు బొట్లు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. కొబ్బరికాయ కూడా కొట్టేశాను. ఆ చప్పుడుకు అతను బయటికొచ్చి నోరెళ్లబెట్టాడు.

"పూజ అయిపాయె కదమ్మా! ఇగ బండి మీదే. గిప్పుడు నేనెట్ల తీస్కపోవాలె? ధర తగ్గించేది గూడ లేదు."

కొడుకు తల పట్టుకున్నాడు. మా యారాలు తాపీగా అంది: "ఏం తమ్మీ, పెండ్లిచూపులల్ల పిల్లకు బొట్టు పెడ్తం. గంతకే పెండ్లి అయినట్టా? ఇంకా పిలగాడు చూడనే లేదు."

మా ఆయన గడపలో నిలబడి ఉన్నాడు. పడిపోయిన మూతితోనే నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! అమ్మేవాడు కూడా నవ్వేశాడు.

"ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు" అంది ఆమె. ఆయన కట్టె ఊతంతో వచ్చాడు. వీపు బండివైపు తిప్పాడు. సీటు ఆయన తొడల ఎత్తులోనే ఉంది. మెల్లగా కూర్చున్నాడు. ఎడమ కాలు లోపలికి పెట్టుకుని, ఎడమ చేత్తో కుడి కాలిని ఎత్తుకోబోయాడు. అది జారింది. నేను ముందుకు పోబోతే ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మళ్లీ ఎత్తాడు. ఈసారి లోపలికి వచ్చింది.

"కూసునుడు అయింది. ఇగ దిగు, మరిదీ."

చెమటలు పట్టాయి గానీ, పై పిడి పట్టుకుని తనంతట తనే దిగి నిలబడ్డాడు. ఆమె అమ్మేవాడి వైపు తిరిగి, "గిప్పుడు మాట్లాడుదాం పా" అంది.

అలా ఆ బండి మాదైంది. డాక్టరు దగ్గరికి పోవడం మొదలైంది. రాయికోడ్ పోయిన రోజు ఆయన చెల్లెలు ఎదురొచ్చి అన్న కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఆయన అన్నం అడిగి రెండోసారి వేయించుకున్నాడు. బండి ఆగనే లేదని అబద్ధం చెప్పను. ఒకసారి బ్యాటరీ పోయి పెద్ద రోడ్డు మీద నిలిచింది. నేను దేవుళ్లందరినీ పిలుస్తుంటే వెనుక సీటు నుంచి ఆమె గొంతు వినబడింది: "ఇన్నొద్దులు నువ్వు పడ్డ ఫికరు ఉత్తగ పోలే చెల్లే. ఇగ నిమ్మలంగ కూసో." లారీ అతను ఆగి తన బ్యాటరీకి తీగలు కలిపితే కదిలాం. చీకటి పడకముందే ఇంట్లో ఉన్నాం. వెనుక లైటు ఒకటి పగిలితే మాత్రం నెలల తరబడి దొరకలేదు. దుకాణం అతను ముందే చెప్పాడు కనుక ఎవరినీ తిట్టుకోలేదు.

అందుకే ఇది చదివే ఆడవాళ్లకు ధైర్యంగా చెబుతున్నాను. చేయడం మానేసిన బండి అని బెదరకండి, చౌకగా వస్తుందని ఎగరకండి. మీ ఇంట్లో అందరికంటే చేతకాని మనిషిని తీసుకుపోండి, ఎక్కించకండి, ఎక్కనివ్వండి. వెనుక సీట్లో తిరిగిన ఆడమనిషిని అడగండి. మీకున్న భయాలన్నీ పైకి చెప్పండి, సిగ్గుపడొద్దు. ఇంత మాట నేను ఇంత గట్టిగా చెప్పగలనని నాకే తెలియదు. ఆమె చేయి పట్టుకుని నడిచిన దారి గనుక చెప్పగలుగుతున్నాను.

ఆమెను మా పొలంలోనే, ఆమెకంటే ముందే పోయిన మా బావగారి సమాధి పక్కన దహనం చేశారు. బండి గట్టు దాకానే పోయింది. అక్కడి నుంచి దున్నిన నేల, పెళ్లలు పెళ్లలుగా. మగపిల్లలు కుర్చీ తెచ్చారు, అందులో కూర్చోబెట్టి మోసుకుపోదామని. "వద్దు" అన్నాడు మా ఆయన. పక్క తలుపు తీసుకున్నాడు. కాలు దింపుకున్నాడు. కుడి పాదం పెళ్ల మీద పడి పక్కకు తిరిగింది. నా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆయన పాదం సరిచేసుకుని లేచాడు. చెప్పులు విడిచి, తలుపు అంచు పట్టుకుని, వదినవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె కొడుకు నిప్పు పెట్టాడు. గట్టు అవతల రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి పెద్దగా పాట పెట్టుకుని వస్తోంది. డ్రైవరు పొగ చూశాడు, బండి తలుపు పట్టుకుని ఎర్రమట్టిలో నిలబడ్డ ఈయన్ని చూశాడు. పాట ఆపేశాడు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా మెల్లగా సాగిపోయింది ట్రాక్టరు. అది మలుపు తిరిగేదాకా, మంట పైకి లేచేదాకా, ఆయన కూర్చోలేదు.